ఆగిపోయిన రక్తం గురించి ముందు మాట్లాడదాం

ప్రశ్న: మావారికి 59 ఏళ్ళు. ఏడాదిగా రాత్రిళ్ళు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారు. ధార సన్నబడిందనీ, మొదలవడానికి చాలాసేపు నిలబడాల్సి వస్తోందనీ అంటారు. నిద్ర లేక మనిషి చిక్కిపోయారు. పోయిన నెల ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పేమీ లేదు. రెండోరోజుకి మామూలైపోయింది. గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్ వల్లే అయ్యుంటుంది, తగ్గిపోయింది కదా అని కొట్టిపారేశారు. ఇరవై ఏళ్ళకు పైగా సిగరెట్లు కాల్చి, ఆరేళ్ళ క్రితం మానేశారు. ఇక నా సంగతి. నాకు 52. దగ్గినా తుమ్మినా నాలుగు చుక్కలు పడిపోతున్నాయి. ఎవరికీ చెప్పుకోలేదు. యూరాలజిస్టంటే మగవాళ్ళ డాక్టరేనా? కిడ్నీ డాక్టరూ ఆయనా ఒకటేనా? మా రాష్ట్రంలో మంచి యూరాలజిస్టు ఎవరో ఒక పేరు చెప్పండి. మావారికి తెలియకుండా రాస్తున్నాను.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రాత్రి నిద్రలేమితో మొదలైంది. ఎర్రగా వచ్చిన మూత్రం గురించి నాలుగు చిన్న వాక్యాలే రాశారు. నన్ను ఆపేసినవి ఆ నాలుగు వాక్యాలే. కాబట్టి వరస మార్చి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మూత్రంలో కంటికి కనిపించేలా రక్తం, అదీ నొప్పి లేకుండా, ఒక్కసారి వచ్చినా సరే, పరీక్ష చేయించుకోవాల్సిందే. ఆగిపోయిందంటే నయమైందని కాదు. మూత్రాశయంలో, అంటే మూత్రం నిలవ ఉండే సంచిలో, కణితి ఉంటే దాని స్వభావమే అంత. ఒకరోజు రక్తం కారుతుంది, తరవాత వారాలు, ఒక్కోసారి నెలలపాటు ఏమీ కనిపించదు. మనిషి హమ్మయ్య అనుకుంటాడు. కణితి మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. మొదటిసారి ఎర్రగా వచ్చినప్పుడు ‘తగ్గిపోయింది కదా’ అని ఊరుకుని, ఏడెనిమిది నెలల తరవాత రెండోసారి వచ్చినప్పుడు నా గదికి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో ఎవరికీ తెలివి తక్కువై కాదు. నొప్పి ఉంటేనే జబ్బు అని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈ ఒక్కచోట ఆ లెక్క తలకిందులు. నొప్పితో వచ్చే రక్తానికి చాలాసార్లు రాయో ఇన్ఫెక్షనో కారణమవుతుంది. నొప్పి లేకుండా వచ్చే రక్తాన్నే మేం ఎక్కువ అనుమానంగా చూస్తాం.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. ఇలా ఎర్రగా వచ్చిన పదిమందిని పూర్తిగా పరీక్షిస్తే, ఒకరిద్దరిలో మాత్రమే క్యాన్సర్ బయటపడుతుంది. మిగతావాళ్ళలో, మగవారికి మూత్రాశయం మెడ దగ్గర ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దాని మీద ఉబ్బిన రక్తనాళాలో, రాళ్ళో, ఇన్ఫెక్షనో కారణమవుతాయి, కొందరిలో ఏ కారణమూ దొరకదు. ఒకవేళ మూత్రాశయ క్యాన్సరే అయినా, బయటపడేనాటికి నలుగురిలో దాదాపు ముగ్గురికి అది లోపలి పొరల్లోనే ఉంటుంది, కండరంలోకి దిగి ఉండదు. ఆ దశలో పొట్ట కోయకుండా మూత్రమార్గం ద్వారానే గీకి తీసేయవచ్చు. కండరంలోకి దిగాక వైద్యం చాలా పెద్దది, కొన్నిసార్లు మూత్రాశయాన్నే తీసేయాల్సి వస్తుంది. ఈ రెంటికీ మధ్య దూరం చాలాసార్లు కొన్ని నెలలే. నేను తొందరపెడుతున్నది అందుకే.

ఆస్పిరిన్ సంగతి. రక్తం పల్చబడే మందులు వాడేవారిలో కూడా పరీక్షలు అందరికీ చేసినట్టే చేయాలన్నది మా వృత్తిలో ఒప్పుకున్న నియమం. మందు రక్తాన్ని సులువుగా కారనిస్తుందేమో గానీ, కారడానికి లోపల ఒక చోటు ఉండాలి కదా. ఆ చోటేమిటో చూడాలి. ఒక్కోసారి ఈ మందే కణితిని ముందుగా బయటపెట్టి మేలు చేస్తుంది. అలాగని మీవారు ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకూడదు. అది గుండె డాక్టరు ఇచ్చింది, ఆపాలో వద్దో ఆయన్ను అడిగి తేల్చాల్సిందే.

సిగరెట్ల సంగతి మీరు రాసినందుకు సంతోషం. చాలామంది దాచేస్తారు. పొగాకుకూ మూత్రాశయానికీ సంబంధమేమిటని అనుకుంటారు. పొగలోని రసాయనాలు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మూత్రపిండాల ద్వారా మూత్రంలోకి వస్తాయి. ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయం గోడలకు తగులుతూ నిలవ ఉంటుంది. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం. మానేశాక ముప్పు తగ్గుతూ వస్తుంది, కానీ ఆరేళ్ళలో పూర్తిగా పోదు. రసాయనాలకూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని మొదట పట్టుకున్నది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లూడ్విగ్ రేన్, 1895లో, రంగుల కర్మాగారంలో పనిచేసే కార్మికులను చూసి. మీవారు ఎప్పుడైనా రంగులు, రబ్బరు, తోళ్ళ పరిశ్రమల్లో పనిచేసి ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. అడక్కపోయినా చెప్పండి.

ఇక మీ ప్రశ్నలు. యూరాలజిస్టూ కిడ్నీ డాక్టరూ ఒకటేనా? కాదు, కానీ ఇద్దరి పొలాలకూ ఒక గట్టు ఉమ్మడిగా ఉంది. మూత్రపిండాల లోపల జరిగే వడపోత చెడితే చూసేవారు నెఫ్రాలజిస్టు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, కాళ్ళూ మొహమూ వాపు, డయాలిసిస్, ఇవన్నీ ఆయనవి. ఆయన మందులతో వైద్యం చేసే డాక్టరు. తయారైన మూత్రం బయటికి వచ్చే దారినంతా చూసుకునేవారు యూరాలజిస్టు. ఆయన ప్రధానంగా సర్జన్. రెండు మూత్రపిండాల నుంచి పాతిక, ముప్పై సెంటీమీటర్ల పొడవున్న రెండు సన్నని నాళాలు కిందికి దిగి మూత్రాశయంలో కలుస్తాయి. అది 400, 500 మిల్లీలీటర్లు పట్టే కండరాల సంచి. దాని మెడ దగ్గర, మగవారిలో అయితే, ప్రోస్టేట్ గ్రంథి. అక్కడి నుంచి బయటికి వచ్చే దారి మగవారిలో సుమారు 20 సెంటీమీటర్లు, ఆడవారిలో 4 సెంటీమీటర్లే. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా, కారినా, రాయి పట్టినా, కణితి లేచినా యూరాలజిస్టు పని. దానికి తోడు మగవారి జననాంగాలు, సంతానలేమి, అంగస్తంభన సమస్యలు. కిడ్నీలో కణితి వస్తే కోసి తీసేదీ, చాలాచోట్ల కిడ్నీ మార్పిడి ఆపరేషన్ చేసేదీ కూడా ఆయనే.

ఇదేదో కొత్తగా పుట్టిన శాఖ అనుకోకండి. ప్రాచీన గ్రీకు వైద్యులు చేసే హిప్పొక్రటీస్ ప్రమాణంలోనే, మూత్రాశయంలో రాయి ఉన్నవారిని తాను కోయననీ, ఆ పనిలో ఆరితేరినవారికే వదిలేస్తాననీ వైద్యుడు మాట ఇస్తాడు. మన దగ్గర సుశ్రుతుడు అశ్మరి పేరుతో ఆ రాళ్ళనూ, వాటిని కోసి తీసే విధానాన్నీ వివరించాడు. నాకు వీటిలో నచ్చేది ఒక్కటే, ‘ఇది నా పని కాదు, తెలిసినవారి దగ్గరికి వెళ్ళు’ అని చెప్పడం వైద్యధర్మంలో మొదటి నుంచీ ఉంది. ఇప్పుడు రాళ్ళకు కోత చాలావరకు అవసరం లేదు. 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి ఒంటి బయటి నుంచే అలలు పంపి కిడ్నీలో రాయిని పొడి చేశారు. ఆ తరవాత సన్నని గొట్టాలు, లేజర్లు వచ్చాయి.

మగవాళ్ళ డాక్టరేనా అని అడిగారు. ఈ అపోహ వల్ల ఆడవాళ్ళకు జరిగే నష్టం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మూత్రంలో రక్తం కనిపిస్తే మగవాణ్ణి యూరాలజిస్టు దగ్గరికి పంపుతారు. అదే ఆడమనిషికైతే ఇన్ఫెక్షన్ అనో, నెలసరి తేడా అనో మందులు రాసి పంపేస్తారు. తగ్గకపోతే ఇంకో కోర్సు, ఆ తరవాత ఇంకోటి. అలా ఆలస్యమై, ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ ముదిరాక బయటపడడం ఎక్కువ. మీకు గానీ, మీకు తెలిసిన ఏ స్త్రీకి గానీ రక్తం కనిపించి, మూత్రం కల్చర్ పరీక్షలో క్రిములు లేవని వస్తే, ఇక యాంటీబయాటిక్ అడగవద్దు, యూరాలజిస్టును అడగండి. పిల్లలకు కూడా ఈ శాఖలోనే ప్రత్యేకంగా చదివినవారు ఉంటారు.

మీ చుక్కల సంగతికి వస్తాను. దగ్గినా తుమ్మినా పడిపోవడం అంటే మూత్రమార్గాన్ని కింది నుంచి మోసే కండరాలు వదులయ్యాయని. కాన్పుల తరవాత, నెలసరి ఆగే వయసులో చాలా మామూలు. మామూలే గానీ భరించాల్సిందేమీ కాదు. దీనికి మొదటి మందు ఆపరేషన్ కాదు, మాత్ర కూడా కాదు. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం. ఆర్నాల్డ్ కెగెల్ అనే వైద్యుడు 1948లో ప్రచారంలోకి తెచ్చాడు కాబట్టి ఆ పేరుతోనే పిలుస్తారు. గాలి పోకుండా బిగబట్టినట్టు లోపలికి పైకి లాగి, కొన్ని క్షణాలు ఉంచి, పూర్తిగా వదలాలి. ఒకసారికి ఎనిమిది, రోజుకు మూడుసార్లు. ఊపిరి బిగబట్టకూడదు, పొట్టా తొడలూ బిగించకూడదు. కనీసం మూడు నెలలు చేయాలి. చాలామంది మూడు వారాలు చేసి ఫలితం లేదంటారు. మరికొందరు తప్పు కండరాన్ని బిగిస్తూ ఉంటారు, అందుకే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకటి రెండుసార్లు నేర్చుకుంటే శ్రమ వృథా కాదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం వ్యాయామంగా అలవాటు చేసుకోకండి. అది సంచి పూర్తిగా ఖాళీ కాకుండా చేస్తుంది. మూడు నెలల తరవాతా తగ్గకపోతే ఆపరేషన్లు ఉన్నాయి. మీకు మెష్ అనే వల పెట్టే ఆపరేషన్ చెబితే, దాని దీర్ఘకాలపు ఇబ్బందులేమిటో, మెష్ లేని పద్ధతి ఏముందో అడక్కుండా ఒప్పుకోకండి. మీకు దగ్గినప్పుడు కాకుండా, ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర వచ్చి పడిపోతుంటే అది వేరే సమస్య, దాని మందులూ వేరు. ఆ తేడా డాక్టరుకు స్పష్టంగా చెప్పండి.

మీవారి రాత్రి మేలుకొలుపులకు ప్రోస్టేట్ పెరగడం కారణమయ్యే అవకాశం ఎక్కువే. వయసులో ఉన్నప్పుడు పెద్ద ఉసిరికాయంత ఉండే గ్రంథి అది. యాభైలలో ఉన్న మగవారిలో దాదాపు సగం మందిలో పెరిగి ఉంటుంది. ధార సన్నబడడం, మొదలవడానికి ఆలస్యం కావడం అక్కడికే సరిపోతాయి. అయినా ప్రతి రాత్రి మేలుకొలుపునూ ప్రోస్టేట్ ఖాతాలో వేయకూడదు. షుగరు, కాళ్ళ వాపు, గుండె బలహీనత, గురకతో ఊపిరి ఆగిపోయే నిద్రజబ్బు, సాయంత్రం వేసుకునే నీరు తీసే మాత్ర, వీటిలో ఏదైనా రాత్రి మూత్రాన్ని పెంచుతుంది. తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఒక కొలత గ్లాసు, ఒక కాగితం. మూడు రోజులపాటు మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ టైమూ, ఎంత వచ్చిందో రాయమనండి. ఏమేం తాగారో కూడా. రాత్రి ప్రతిసారీ కొద్దికొద్దిగానే వస్తుంటే గొడవ సంచిలోనో ప్రోస్టేట్‌లోనో ఉంది. రాత్రి కూడా నిండుగా వస్తూ, రోజు మొత్తంలో మూడోవంతు మించిపోతే, మూత్రపిండాలు రాత్రిపూట ఎక్కువ తయారుచేస్తున్నాయి. ఆ రెండో రకానికి ప్రోస్టేట్ మందులు ఎన్ని వాడినా లాభముండదు. ఆ కాగితం పట్టుకెళ్ళిన రోగికి నేను పది నిమిషాల్లో చెప్పగలిగేది, కాగితం లేని రోగికి రెండుసార్లు వస్తే గానీ చెప్పలేను.

ఆయనకు ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ లాంటి మాత్ర రాస్తే, మొదట్లో లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు, రాత్రి మంచం దిగేటప్పుడు జాగ్రత్త. ముందుముందు కంటి శుక్లాల ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర వాడుతున్నట్టు కంటి డాక్టరుకు ముందే చెప్పాలి. జలుబు మాత్రలు సొంతంగా వేసుకోవద్దనండి. కొన్నింటిలోని మందు ప్రోస్టేట్ పెరిగినవారికి మూత్రం బిగబట్టేస్తుంది.

ఆయన కొట్టిపారేసింది బహుశా పరీక్షల భయంతో అయి ఉండాలి. ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది, ఈ మాటలు ఆయనకు చదివి వినిపించండి. మొదటిరోజు మూత్రం, రక్తం పరీక్షలు. వేలితో ప్రోస్టేట్ పరీక్ష, అది పది పదిహేను సెకన్ల పని. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష కూడా అడగవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే అది తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, తగ్గిన కొన్ని వారాలకు గానీ చేయించకూడదు. మూత్రం పోశాక సంచిలో ఎంత మిగిలిందో చూసే అల్ట్రాసౌండ్. కిడ్నీల నుంచి కింది దాకా చూడడానికి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్. చివరిది సిస్టోస్కోపీ. ఇదే అసలు పరీక్ష. దీన్ని ఎవరైనా ‘స్కాన్ బాగానే ఉంది కదా’ అని వదిలేస్తే ఒప్పుకోకండి. చిన్న కణితులు, గోడకు అంటుకుని చదునుగా పాకేవి, స్కాన్‌లో కనపడకుండా పోతాయి.

మత్తు జెల్లీ వేసి, పెన్సిలు కన్నా సన్నంగా ఉండి వంగే గొట్టాన్ని మూత్రమార్గం గుండా పంపి, కెమెరాతో మూత్రాశయం లోపలి గోడంతా చూస్తారు. అయిదు పది నిమిషాలు. అసౌకర్యంగా ఉంటుంది, లేదని చెప్పను. ప్రోస్టేట్ దగ్గర దాటేటప్పుడు కాలి వేళ్ళు కదుపుతూ నెమ్మదిగా ఊపిరి వదలమంటాను, అప్పుడు తేలిగ్గా దాటుతుంది. ఆ తరవాత ఒకటి రెండు రోజులు మంట, కొంచెం గులాబీ రంగు మామూలే. చలిజ్వరం వస్తే మాత్రం వెంటనే ఫోను చేయాలి. మాక్సిమిలియన్ నిట్జే 1879లో వియన్నాలో వాడిన మొట్టమొదటి సిస్టోస్కోపులో వెలుగు కోసం లోపలే ప్లాటినం తీగను ఎర్రగా కాల్చేవారు. అది కాల్చకుండా చుట్టూ నీళ్ళు పారించేవారు. ఆ రోజుల్లోనే రోగులు దానికి ఒప్పుకున్నారంటే, లోపల ఏముందో కంటితో చూడడం ఎంత విలువైనదో అప్పుడే వాళ్ళకు అర్థమైంది.

ఇప్పుడు మీరు అడిగిన పేరు. పేరు చెప్పను, నన్ను క్షమించండి. మీరు ఉండే ఊరికి ఎవరు దగ్గరో, ఎవరు త్వరగా చూడగలరో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. అదీగాక ‘రాష్ట్రంలోకెల్లా మంచి యూరాలజిస్టు’ను వెతకడమే ఈ క్షణాన మీకు నష్టం చేస్తుంది. పేరున్న డాక్టరు కోసం రెండు నెలలు ఎదురుచూసి, ఈలోగా దగ్గర్లో ఉన్నవారికి చూపించుకోకపోవడం నేను తరచూ చూసే తప్పు. మీకు ఇప్పుడు కావలసింది సిస్టోస్కోపీ. అది యూరాలజీ చదివి వచ్చిన ప్రతివారికీ చేతికి అలవాటైన పని. దానికి దగ్గర్లో, త్వరగా దొరికేవారే మంచి డాక్టరు. రేపు పెద్ద ఆపరేషన్ అవసరమని తేలితే, అప్పుడు దూరమైనా వెళ్ళండి, అప్పుడు పేరూ అనుభవమూ చూడండి. బ్రిటన్‌లో 45 దాటినవారికి ఇన్ఫెక్షన్ లేకుండా మూత్రంలో రక్తం కనిపిస్తే క్యాన్సర్ అనుమానం కింద తొందరగా పంపాలని మార్గదర్శకమే ఉంది. మీకు అలాంటి ఏర్పాటు లేకపోతే ఆ తొందర మీరే చూపాలి.

మొదట మీ మామూలు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉత్తరం రాయించుకోండి. ‘మూత్ర సమస్య’ అని రాస్తే నెల తరవాతి తేదీ ఇస్తారు. ‘నొప్పి లేకుండా కంటికి కనిపించిన రక్తం’ అని రాయించండి. ఆ డాక్టరును ఇంకో మాట అడగండి, మీ ఇంట్లోవాళ్ళకే ఇలా వస్తే ఎవరి దగ్గరికి పంపుతారు అని. ఆ ప్రశ్నకు వచ్చే జవాబుకు ఇంటర్నెట్‌లోని నక్షత్రాలకన్నా విలువెక్కువ. ఆ నక్షత్రాలు ఎంతసేపు కూర్చోబెట్టారు, కౌంటర్లో ఎలా మాట్లాడారు అన్నది చెబుతాయి. అవీ ముఖ్యమే, కానీ చేతి నైపుణ్యం వాటిలో కనపడదు.

పేరు దొరికాక, మీ రాష్ట్రంలో వైద్యులను నమోదు చేసే మండలి జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూడండి. చాలా చోట్ల ఇది ఆన్‌లైన్‌లోనే చూడవచ్చు. రిజిస్ట్రేషన్ ఇప్పటికీ చెల్లుతోందా, ఏ చదువు నమోదై ఉంది అన్నది గమనించండి. యూరాలజీ ప్రత్యేకంగా కొన్నేళ్ళు చదివి పరీక్ష నెగ్గాల్సిన శాఖ. కొన్ని దేశాల్లో జనరల్ సర్జరీ పూర్తయ్యాక ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే పట్టా ఉంటుంది, అమెరికాలో బోర్డు సర్టిఫికెట్ ఉంటుంది. ఆస్పత్రి బయటి బోర్డు మీద ‘కిడ్నీ రాళ్ళ నిపుణులు’ అని ఉన్నంత మాత్రాన యూరాలజిస్టు కాదు. దగ్గర్లో ఎవరూ లేకపోతే పక్క ఆస్పత్రుల్లో అడగండి, చిన్న ఊళ్ళకు వారానికో రోజు పెద్ద ఊరి నుంచి యూరాలజిస్టు వచ్చి చూసి వెళ్ళే ఏర్పాటు చాలా చోట్ల ఉంటుంది. బోధనాసుపత్రుల్లో యూరాలజీ విభాగం ఉంటే అక్కడ ఎదురుచూపు ఎక్కువేమో గానీ, పరీక్షలన్నీ ఒకే కప్పు కింద అవుతాయి. బీమా ఉంటే ఏ ఆస్పత్రులకు వర్తిస్తుందో ముందే కనుక్కోండి.

గదిలోకి వెళ్ళాక మంచి డాక్టరును ఎలా గుర్తుపట్టాలంటే, రక్తం సంగతి వినగానే ఎప్పుడు, ఎన్నిసార్లు, ధార మొదట్లోనా చివర్లోనా మొత్తమంతానా, గడ్డలు వచ్చాయా అని ఆరా తీస్తారు. సిగరెట్ల గురించి అడుగుతారు. చేయి పెట్టి పరీక్ష చేస్తారు. అయిదు నిమిషాల్లో ప్రోస్టేట్ మాత్రలు రాసి, రక్తం ఊసెత్తకుండా పంపిస్తే వేరే డాక్టరును చూడండి. పెద్ద ఆపరేషన్ చెబితే నిర్మొహమాటంగా అడగండి: ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, మీ రోగుల్లో ఏ ఇబ్బందులు ఎక్కువ వచ్చాయి, చేయకపోతే ఏమవుతుంది. మూత్రాశయం తీసేయడం, ప్రోస్టేట్ తీసేయడం లాంటివి ఎక్కువగా జరిగే చోట ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకునేవారి చేతికి ఒళ్ళు అప్పగించవద్దు. ఆపరేషన్‌కు వాడే రోబో ఉందని మాత్రం మురిసిపోకండి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రోబోతో చేసినవారినీ, కోసి చేసినవారినీ ఆస్ట్రేలియాలో పక్కపక్కన పోల్చి చూస్తే, రెండేళ్ళకు మూత్రం మీద అదుపూ లైంగిక సామర్థ్యమూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. యంత్రం వెనకున్న చేయే ముఖ్యం. పెద్ద ఆపరేషన్‌కు ముందు రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం ఎవరినీ అవమానించడం కాదు. స్కాన్ సీడీలు, బయాప్సీ స్లైడ్లు అడిగి తీసుకోండి, అవి మీవే.

కొన్ని ఇబ్బందులకు మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు, నేరుగా అత్యవసర విభాగానికి పరుగెత్తాలి. మూత్రం పూర్తిగా బిగుసుకుపోవడం, రక్తం గడ్డలతో అడ్డుపడడం, నడుం నొప్పికి చలిజ్వరం తోడవడం. ఈ చివరిది రాయి అడ్డుపడిన కిడ్నీలో చీము పట్టడం కావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఎదిగే మగపిల్లలుంటే ఇంకోటి గుర్తుపెట్టుకోండి: ఉన్నట్టుండి వృషణంలో తీవ్రమైన నొప్పి వస్తే అది మెలిపడి ఉండవచ్చు. ఆరు గంటల్లోపు విప్పితేనే దాన్ని దక్కించుకునే అవకాశం బాగుంటుంది. పిల్లలు సిగ్గుపడి పొట్టనొప్పి అని చెబుతారు.

మీవారికి ఈ ఉత్తరం రాసినట్టు చెప్పేయండి. భయపెట్టి తీసుకెళ్ళవద్దు, బతిమాలవద్దు కూడా. ‘రాత్రి నిద్ర పట్టడానికి ఏదో ఒకటి చేయిద్దాం, ఆ పనిలో పనిగా అదీ చూపించుకుందాం’ అంటే మగవాళ్ళు త్వరగా కదులుతారని నా అనుభవం. నిద్ర లేకపోవడం వాళ్ళు ఒప్పుకునే బాధ, రక్తం ఒప్పుకోలేని భయం. మళ్ళీ ఎప్పుడైనా ఎర్రగా వస్తే ఫోనుతో ఫొటో తీసి ఉంచమనండి. బీట్‌రూట్ తిన్నా, క్షయకు వాడే రిఫాంపిసిన్ లాంటి మందు వేసుకున్నా రంగు మారుతుంది, ఫొటో చూస్తే మాకు చాలావరకు తెలిసిపోతుంది. వెళ్ళేరోజు మీరూ వెంట వెళ్ళండి. వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్ళండి, పేర్లు గుర్తు తెచ్చుకోవడం కన్నా అది నయం.

రేపు పొద్దున ఫోను చేసినప్పుడు కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఈ మాటలే చెప్పండి: “59 ఏళ్ళ మనిషి, చాలా ఏళ్ళు సిగరెట్లు కాల్చినవారు, పోయిన నెల నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనిపించింది, సిస్టోస్కోపీ అవసరం కావచ్చు. ఎంత త్వరగా చూడగలరు?” తేదీ మూడు వారాలు దాటిపోతే, ఎవరైనా రాకపోయి ఖాళీ వస్తే పిలవమని చెప్పి, రెండో డాక్టరుకు కూడా ఫోను చేయండి. ఫోను పెట్టేసేముందు, మీ పేరున కూడా ఒక తేదీ తీసుకోండి.